ఫోన్ తెర మీద రంగుల ప్రయోగం చెల్లుతుందా? చెల్లుతుంది, ప్రశ్న మార్చుకుంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డిగ్రీ ఆఖరి సంవత్సరం సైకాలజీ ప్రాజెక్టు. గూగుల్ ఫారంలో 40 రంగు ముక్కలు పెట్టి, లింకు వాట్సాప్‌లో చుట్టాలకీ స్నేహితులకీ పంపి, ఒక్కో రంగుకి పేరు రాయించాలని అనుకున్నారు. దాన్నిబట్టి ఒకే రంగు అందరికీ ఒకేలా కనిపిస్తుందా, ఆడవాళ్ళు మగవాళ్ళకంటే ఎక్కువ రంగులు చూడగలరా అన్న రెండు సంగతులు తేల్చాలి. మీ గైడ్ "ఎవరి ఫోన్ వాళ్ళది, ఇది చెల్లదు" అన్నారు. ఎంతమందితో చేస్తే చెల్లుతుంది, లేక మానేయాలా అని మీ ప్రశ్న.

మానేయక్కర్లేదు. మీ గైడ్ అన్నది నిజమే గానీ సగం నిజం. ఫోన్లు వేరైతే ఒకరి జవాబును ఇంకొకరి జవాబుతో పోల్చలేరు. అదే మనిషి అదే ఫోన్‌లో ఒకే విడతలో ఇచ్చిన రెండు జవాబులను మాత్రం పోల్చవచ్చు. కాబట్టి ప్రశ్నను ఆ రెండో రకంలోకి తిప్పుకోండి. మనుషుల సంఖ్య పెంచడంతో ఈ చిక్కు తీరదు. తప్పు కొలతను వెయ్యిమంది మీద తీసినా అది తప్పు కొలతే.

పదహారేళ్ళుగా పర్సెప్షన్ (కళ్ళూ చెవులూ అందించినదాన్ని మెదడు గ్రహించే తీరు) ప్రాక్టికల్స్ చెప్తున్నాను. నల్ల గుడ్డ కట్టిన గదిలో, కాలిబ్రేట్ చేసిన (రంగులు కొలిచి సరిచేసిన) మానిటర్ ముందు మనుషుల్ని కూర్చోబెట్టి చేసిన పనీ ఉంది, లాక్‌డౌన్‌లో గత్యంతరం లేక ఆన్‌లైన్‌కి వచ్చి చేతులు కాల్చుకున్న పనీ ఉంది. ఆ కాలిన చేతులతోనే ఇది రాస్తున్నాను.

ముందు ఫోన్ సంగతి. మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళినవాళ్ళందరికీ ఈ చిక్కు తెలుసు. చీర కౌంటర్ మీద పరుస్తారు. కుర్రాడు వెనక అరల్లోంచి నాలుగు జాకెట్టు ముక్కలు లాగి చీర మీద వేస్తాడు. ట్యూబ్‌లైటు కింద ఒకటి అతికినట్టు కలిసిపోతుంది. అయినా మా అమ్మ డబ్బులు తీయదు. చీర కొంగూ ఆ ముక్కా పట్టుకుని గుమ్మం దాటి రోడ్డు మీదికెళ్ళి చూస్తుంది. లోపల ఒకటిగా ఉన్న రెండు రంగులు బయట వెలుతురులో విడిపోతాయి. కొట్టతను ఏమీ అనుకోడు, "బయటికెళ్ళి చూసుకోండమ్మా" అని తనే చెప్తాడు. రెండు అద్దకాలు ఒక వెలుతురులో కలిసి ఇంకో వెలుతురులో విడిపోవడాన్ని మా పుస్తకాల్లో మెటామెరిజం అంటారు. మీ ప్రయోగంలో ఆ గుమ్మం దాటే వీలు లేదు. ఎవరి తెర ముందు వాళ్ళు ఉండిపోతారు, ఎవరిది ఏ వెలుతురో మీకు తెలియదు.

తెర రంగు ఎలా పుడుతుందో మీరు కళ్ళారా చూడాలి, లేకపోతే రిపోర్టులో పొరపాట్లు రాస్తారు. ఫోన్‌లో నిండు పసుపు రంగు పెట్టి, వేలి కొసతో ఆవగింజంత నీటిచుక్క తెర మీద పెట్టండి. దగ్గరగా చూడండి. చుక్క భూతద్దంలా పనిచేస్తుంది. దాని కింద ఎర్ర గళ్ళు, ఆకుపచ్చ గళ్ళు వెలుగుతుంటాయి. పసుపు గడి ఒక్కటీ ఉండదు. కంట్లో రంగు పట్టే కోన్ కణాలు మూడు రకాలు, కాంతి తరంగదైర్ఘ్యం సుమారుగా 420, 530, 560 నానోమీటర్లున్న చోట ఎక్కువగా స్పందిస్తాయి. మెదడుకి అందేది ఆ మూడింటి స్పందనల నిష్పత్తే, అసలు ఏ తరంగం వచ్చిందన్న సమాచారం అక్కడితోనే పోతుంది. ఎరుపునీ ఆకుపచ్చనీ తగు పాళ్ళలో కలిపితే అసలు పసుపు కాంతి రేపే నిష్పత్తే వస్తుంది, మెదడు నమ్మేస్తుంది. తెరలన్నీ ఈ కిటుకు మీదే బతుకుతున్నాయి. అందుకని రిపోర్టులో "570 నానోమీటర్ల రంగు చూపించాం" అని ఎప్పుడూ రాయకండి. మీరు చూపించింది ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళు చెప్పే మూడు అంకెలు. ఆ అంకెల్ని ఏ ఫోన్ ఏ వెలుగుగా మార్చిందో ఆ ఫోన్‌కే తెలియాలి.

ఆ మార్చడంలో ఎన్ని తేడాలో చెప్పనా? ఒక ఫోన్ ఎమోలెడ్, ఇంకొకటి ఎల్‌సీడీ. ఒకరు "వివిడ్" మోడ్‌లో ఉంటారు, ఒకరు "నేచురల్"లో. ఒకరికి ఆటో బ్రైట్‌నెస్, ఒకరికి బ్యాటరీ సేవర్. కొన్ని బ్రౌజర్లలో డార్క్ మోడ్ ఉంటే పేజీలోని రంగుల్నే మార్చిపడేస్తుంది. వీటన్నిటినీ మించి నన్ను ముంచింది నైట్ మోడ్.

2020లో అరవైమంది విద్యార్థులతో నీలానికీ ఆకుపచ్చకీ మధ్య గీత ఎక్కడ పడుతుందో కొలిచాం. గ్రాఫ్ గీస్తే ఒక గుట్ట రావాల్సిన చోట రెండు గుట్టలు వచ్చాయి. నేను సంబరపడ్డాను. మనుషుల్లో రెండు రకాలున్నారు, పేపర్ రాసేద్దాం అని! రెండు రాత్రులు దాంతోనే గడిచాయి. మూడో రోజు ఒక విద్యార్థిని ఊరికే షీటుని టైము ప్రకారం సార్ట్ చేసింది. రెండో గుట్టలో ఉన్నవాళ్ళంతా దాదాపు రాత్రి ఎనిమిది దాటాక చేసినవాళ్ళు. ఆ వేళకి వాళ్ళ ఫోన్లు తమంతట తామే నీలం కాంతిని తగ్గించేశాయి. దాంతో కాస్త నీలంగా ఉన్న ముక్కలు కూడా వాళ్ళకి ఆకుపచ్చగా కనిపించి, గీత నీలం వైపు జరిగింది. ఆరుగురి చేత పొద్దున మళ్ళీ చేయిస్తే బుద్ధిగా మొదటి గుట్టలోకి వచ్చేశారు. రెండు రకాల మనుషులు కారు, రెండు పూటలు.

అప్పట్నుంచి నేను చేసేది: మొదలుపెట్టే టైము పేజీయే నమోదు చేస్తుంది. నైట్ మోడ్, ఆటో బ్రైట్‌నెస్ ఆపమని బొమ్మతో సహా చూపిస్తాను. "ఆపారా?" అని టిక్కు పెట్టిస్తే అందరూ టిక్కు పెడతారు, చాలామంది ఆపరు. అందుకే పగలు పది నుంచి నాలుగు మధ్యే లింకు తెరుచుకునేలా పెట్టుకోవడం మేలు. ఎండలో నిలబడి చేయొద్దని కూడా చెప్పండి, ఆరుబయట తెర రంగులు వెలిసిపోయి కనిపిస్తాయి.

ఇంత చెప్పాక "మరి తేడాలన్నీ ఫోన్లవేనా?" అని మీకు అనుమానం రావచ్చు. కాదు. 2015 ఫిబ్రవరిలో ఒక గౌను ఫోటో ప్రపంచమంతా తిరిగింది, గుర్తుందా? కొందరికి నీలం, నలుపు. కొందరికి తెలుపు, బంగారం. ఒకే ఫోన్ మీద, పక్కపక్కనే కూర్చుని చూసినవాళ్ళు కూడా కొట్టుకున్నారు. అసలు గౌను నీలం, నలుపే. ఫోటోలో వెలుతురు ఎటు నుంచి పడుతోందో, ఏ రంగు వెలుతురో తెలియదు. నీడలో ఉందనుకున్న మెదడు తెలుపు అంది, పచ్చటి దీపం కింద ఉందనుకున్న మెదడు నీలం అంది. అంటే మనుషుల మధ్య తేడా నిజంగా ఉంది. దాన్ని ఫోన్ల తేడా నుంచి విడదీయడం ఎలా అన్నదే మీ డిజైన్ తీర్చాల్సిన లెక్క.

(పై వాక్యంలో "పచ్చటి దీపం" అని రాశాను. మీకు పసుపు దీపం తోచిందా, ఆకుపచ్చ దీపమా? ఒక్క క్షణం ఆగి చూసుకోండి. మీ ప్రాజెక్టు అక్కడే ఉంది.)

చిన్నప్పుడు మా అమ్మమ్మ "పచ్చ జాకెట్టు గుడ్డ పట్రావే" అంటే నేను చిలకపచ్చ ముక్క తెచ్చాను. "పచ్చ తెమ్మంటే ఆకుపచ్చ తెచ్చావేమిటే!" అని నెత్తి కొట్టుకుంది. ఆవిడకి పచ్చ అంటే పసుపు. ఆలోచిస్తే ఆవిడదే పాత లెక్క. పచ్చ చామంతి పసుపుగా ఉంటుంది, పచ్చగన్నేరూ అంతే. గుడ్డులో పచ్చసొన, ఒళ్ళు పచ్చబడితే పచ్చకామెర్లు. అదే నోటితో పచ్చని పొలాలు, పచ్చబొట్టు, పచ్చజెండా అంటాం, అవన్నీ ఆకుపచ్చ. రెండు రంగుల్నీ కప్పే మాట కాబట్టే విడదీయాల్సినప్పుడు ముందు ఆకు పెట్టి ఆకుపచ్చ, పసుపు పెట్టి పసుపుపచ్చ అంటాం. నీలం సంగతీ కొంత ఇలాంటిదే. నీలవేణి జడ నీలంగా ఉండదు, నల్లగా ఉంటుంది. అలాగని మా అమ్మమ్మ కంటికి చామంతీ చిలకా ఒకేలా కనిపించాయని కాదు. చూపు వేరు, మాట వేరు.

భాషల్లో రంగుల పేర్ల మీద చాలా పని జరిగింది. 1969లో బెర్లిన్, కే అన్న ఇద్దరు పరిశోధకులు రంగుల మూల పదాలు భాషల్లో ఇష్టం వచ్చినట్టు కాక ఒక వరసలో పుడతాయని ప్రతిపాదించారు. తర్వాత వరల్డ్ కలర్ సర్వే పేరుతో 110 భాషలవాళ్ళకి 330 రంగు ముక్కలు చూపించి పేర్లు సేకరించారు. రష్యన్‌లో లేత నీలానికి ఒక మాట, ముదురు నీలానికి ఇంకో మాట. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, రెండు నీలాలు ఆ మాటల గీతకి చెరో పక్కా ఉన్నప్పుడు రష్యన్లు తేడాని ఇంకాస్త త్వరగా పట్టారని తేలింది. ఇంగ్లీషువాళ్ళలో ఆ వేగం కనపడలేదు. మీరు రష్యన్లని వెతుక్కోనక్కర్లేదు. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడే మనుషులు మీ చుట్టూ ఉన్నారు.

కాబట్టి నా సలహా ప్రశ్న ఇది: ఒకే మనిషిని ఒకే ఫోన్ మీద "నీలమా, ఆకుపచ్చా?" అని తెలుగులో అడిగినప్పుడూ, "బ్లూనా, గ్రీనా?" అని అడిగినప్పుడూ గీత ఒకే చోట పడుతుందా? ఫోన్ ఎంత పిచ్చి రంగులు చూపించినా రెండుసార్లూ ఒకే పిచ్చి చూపిస్తుంది. తేడా తీస్తే ఫోన్ కొట్టుకుపోతుంది. మిగిలేది మాట చేసిన పని. గీత కదలకపోవచ్చు కూడా. నా అంచనా అయితే కదిలినా కొంచెమే. కదలలేదని రాయడం తప్పు కాదు, వైవాలో ఎవరైనా ముఖం చిట్లిస్తే పట్టించుకోకండి.

ఓపిక ఉంటే రెండో భాగంగా పసుపు, ఆకుపచ్చ మధ్య గీత. ఒకసారి "పసుపు / ఆకుపచ్చ" అన్న ఎంపికలు, ఒకసారి "పసుపు / పచ్చ". మాటలో ఆకు పోగానే గీత ఎటు జరుగుతుంది? యాభై దాటినవాళ్ళలో, ఇరవైల్లో ఉన్నవాళ్ళలో ఆ జరుగుడు ఒకేలా ఉంటుందా? నాకు ఇదే ఎక్కువ ఆసక్తి. ఇక్కడ వయసుల మధ్య పోలిక వస్తోంది కదా, ఫోన్ తేడా మళ్ళీ రాదా అంటారేమో. మీరు పోల్చేది గీతల్ని కాదు, ఒక్కొక్కరి గీత ఎంత జరిగిందన్నదాన్ని. అయినా పెద్దవాళ్ళ విషయంలో ఒక మాట రాసిపెట్టుకోండి. వయసుతో కంటి కటకం పసుపెక్కి నీలం కాంతిని కొంత మింగేస్తుంది. చిత్రకారుడు మోనే 1923లో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నాక తనకి రంగులు మారిపోయాయని గోలపెట్టాడు. ఆపరేషన్ అయిందా లేదా అని వయసుతో పాటు అడగండి.

ఇక తయారీ. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

గూగుల్ ఫారం వద్దు. బొమ్మల్ని మీకు కావలసిన వరసలో, కావలసినంతసేపు, మధ్యలో బూడిద తెర పెట్టి చూపించడం దాంతో కుదరదు. జేఎస్‌సైక్ అనే ఉచిత సాధనం ఉంది, బ్రౌజర్‌లో నడుస్తుంది. కోడింగ్ కొంచెం వస్తే వారంలో పట్టుబడుతుంది, రాకపోతే కంప్యూటర్స్ బ్రాంచి స్నేహితులకి బిర్యానీ తినిపించండి. రంగుల్ని బొమ్మలుగా చేసి వాట్సాప్‌లో మాత్రం పంపకండి. అది కుదించి పంపుతుంది, రంగు అంకెలు మారిపోతాయి. పేజీలోనే రంగుని అంకెలతో వేయించండి. బొమ్మ తప్పదంటే జేపెగ్ కాకుండా పీఎన్‌జీ.

రంగుల మెట్లు ఎంచుకోవడంలో అందరూ చేసే తప్పు హెచ్‌ఎస్‌ఎల్ చక్రంలో (రంగు, గాఢత, వెలుగు అన్న మూడు అంకెలతో రంగుని చెప్పే పద్ధతి) సమాన దూరాలు తీసుకోవడం. అందులో పసుపుకీ నీలానికీ "లైట్‌నెస్" 50 అనే ఉంటుంది, కంటికి చూస్తే పసుపు వెలిగిపోతుంది, నీలం చీకటిగా ఉంటుంది. మీ మనుషులు రంగుని కాకుండా వెలుగుని చూసి జవాబిస్తారు. కంటికి కనిపించే వెలుగుకి దగ్గరగా అంకెలిచ్చే ఓకే ఎల్‌సీహెచ్ అనే పద్ధతి 2020లో వచ్చింది, ఇప్పటి బ్రౌజర్లకి తెలుసు. అందులో వెలుగు 0.7, గాఢత 0.1 దగ్గర బిగించి, రంగు కోణాన్ని (రంగుల చక్రంలో ఆ రంగు ఉండే చోటు) మాత్రం 150 నుంచి 250 డిగ్రీల వరకు పదేసి చొప్పున జరపండి. పదకొండు మెట్లు వస్తాయి. ఒక చివర నిక్కచ్చి ఆకుపచ్చ, ఇంకో చివర నిక్కచ్చి నీలం, నడుమ బట్టల కొట్లలో రామా గ్రీన్ అనీ ఆనందా బ్లూ అనీ పిలిచే సరుకు. గాఢత పెంచితే బాగుంటుందని ఆశపడకండి. నడిమి రంగుల్ని మామూలు తెర చూపించలేక దగ్గరున్న ఇంకో రంగు వేసేస్తుంది.

ఒక్కో మెట్టు ఎనిమిదిసార్లు, అంతా కలగాపులగంగా. 88 చూపులు. రెండు భాషలకి 176, ఒక్కోదానికి మూడు సెకన్లనుకున్నా తొమ్మిది నిమిషాల్లోపే. సగంమందికి తెలుగు ముందు, సగంమందికి ఇంగ్లీషు ముందు రావాలి. అలసటా అలవాటూ ఒకే భాష నెత్తిన పడకూడదు. బటన్లు కూడా సగంమందికి కుడి ఎడమలు మార్చండి. కొందరు ఏమీ చూడకుండా కుడి బొటనవేలితో టకటకా నొక్కేస్తారు.

చూపుకీ చూపుకీ మధ్య ఒక సెకను మామూలు బూడిద తెర. చుట్టూ కూడా బూడిదే. అలంకారానికి రంగు బోర్డర్లు, కాలేజీ లోగో పెట్టొద్దు. పక్కన ఉన్న రంగు మధ్యలో రంగుని ఎంత మారుస్తుందో షెవ్రోల్ కథ చెప్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్ గోబెలిన్ నేతశాలలో అద్దకాలకి అధికారి, రసాయన శాస్త్రవేత్త. నల్ల అద్దకం నాసిగా ఉందని ఫిర్యాదులొస్తే పరీక్షించి, అద్దకం బాగానే ఉంది, పక్కన నేసిన రంగులే నలుపుని చెడగొడుతున్నాయని తేల్చాడు. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు. మీ పేజీలో కాలేజీ లోగో అలాంటి పక్క నూలు.

లెక్క కట్టడం కష్టం కాదు. ఒక మనిషి తెలుగు విడత తీసుకుందాం. కోణం 190 దగ్గర ఎనిమిదిలో ఒక్కసారే నీలం అన్నారు. 200 దగ్గర మూడుసార్లు, అంటే 37.5 శాతం. 210 దగ్గర ఆరుసార్లు, 75 శాతం. 220 నుంచి ఎనిమిదికి ఎనిమిది. సగం సగం పడే చోటు 200కీ 210కీ మధ్య ఉంది. 37.5 నుంచి 50కి ఇంకా 12.5 కావాలి, ఆ మెట్టులో పెరిగింది 37.5, అంటే మూడో వంతు దూరం. గీత 203 దగ్గర. అదే మనిషి ఇంగ్లీషు విడతలో 199 వచ్చిందనుకోండి, తేడా 4. ఇలా ప్రతి మనిషికీ ఒక తేడా. ఆ తేడాల సగటు సున్నాకి ఎంత దూరంలో ఉందో చూడటానికి పెయిర్డ్ టీ టెస్ట్ (ఒకే మనిషి ఇచ్చిన రెండు కొలతల్ని పోల్చే గణాంక పరీక్ష) చాలు. కర్వ్ ఫిట్టింగ్ (అంకెలకి సరిపడే వంపు గీత గీయడం) వస్తే మంచిదే, రాకపోతే ఎక్సెల్‌లో పై లెక్కే చేసుకోండి.

ఎవరి జవాబులు తీసేయాలో డేటా చూడకముందే కాగితం మీద రాసి గైడ్ సంతకం పెట్టించుకోండి. నా నియమం ఇలా ఉంటుంది: రెండు చివరల రంగుల్లో ఎనిమిదిలో రెండుకంటే ఎక్కువ తప్పితే ఆ మనిషి వద్దు. డేటా చూశాక పెట్టే నియమాలు మనకి నచ్చిన ఫలితం వైపే వంగుతాయి. రెండు గుట్టల రోజుల్లో నేను కూడా వంగాను.

ఎంతమంది అన్నారు కదా. 300 మందితో ఎనిమిదేసి జవాబులకంటే 40 మందితో 176 చొప్పున జవాబులు నాకు ముద్దు. తేడా బాగా చిన్నదైతే నలభై కూడా చాలకపోవచ్చు, అప్పుడు "తేడా లేదు" అనకుండా "ఈ ప్రయోగం పట్టగలిగినంత తేడా లేదు" అని రాయండి.

ఆడా మగా ప్రశ్న గురించి. దాన్ని వదిలేయండి. ఎక్కువ పేర్లు రాసినంత మాత్రాన ఎక్కువ రంగులు చూసినట్టు కాదు. పట్టుచీరల బేరం తెలిసినవాళ్ళకి నెమలికంఠం, మెంతిరంగు, వంకాయరంగు, మామిడిపండు రంగు నాలిక చివర ఉంటాయి. తెలియని మనిషి అన్నిటికీ "అదోలాంటి రంగు" అంటాడు. 2010లో ఎక్స్‌కేసీడీ అనే వెబ్ కార్టూన్ గీసే కార్టూనిస్టు పెట్టిన ఆన్‌లైన్ సర్వేలో రెండు లక్షల ఇరవై వేలకి పైగా విడతల్లో యాభై లక్షలకి పైగా రంగులకి పేర్లు వచ్చాయి. అంతటి రాశిలో కూడా ఆడవాళ్ళ పేర్లూ మగవాళ్ళ పేర్లూ చాలావరకు కలిశాయి, ఆడవాళ్ళు ముందు చేర్చే విశేషణాలు కాస్త ఎక్కువ, అంతే.

ఆడా మగా మధ్య నిజంగా పెద్ద తేడా ఉన్నది ఒక్కచోట, వర్ణాంధత్వంలో. ఎరుపు, ఆకుపచ్చ కోన్‌ల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాళ్ళకి ఎక్స్ ఒక్కటే, అది చెడితే పక్కన ఆదుకునేది ఉండదు. ఉత్తర యూరప్ మూలాలవాళ్ళలో మగవాళ్ళు వందకి ఎనిమిదిమంది, ఆడవాళ్ళు రెండొందలకి ఒకరు. మీ నలభైమందిలో కూడా ఇలాంటివాళ్ళు ఉండొచ్చు, దానికి సిద్ధంగా ఉండండి.

ఎందుకంటున్నానంటే, ఒకసారి ఇదే నీలం, ఆకుపచ్చ ప్రాక్టికల్ అయ్యాక ఒక అబ్బాయి వచ్చి, "మేడమ్, మధ్యలో బూడిద రంగు ముక్కలు ఎందుకు పెట్టారు? అది నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు కదా" అన్నాడు. మేం బూడిద ముక్క ఒక్కటీ పెట్టలేదు. ఎరుపు కోన్ గానీ ఆకుపచ్చ కోన్ గానీ లేని కంటికి నీలానికీ ఆకుపచ్చకీ నడుమ ఒకచోట రంగు చచ్చిపోయి బూడిదలా కనిపిస్తుంది. క్లాసు మొత్తం ఉంది కాబట్టి "తర్వాత మాట్లాడదాం" అని ఊరుకున్నాను. సాయంత్రం విడిగా పిలిచి, ఒకసారి కంటి డాక్టర్‌తో రంగు పరీక్ష చేయించుకోమని మాత్రం చెప్పాను. పేరు పెట్టి చెప్పే హక్కు నాకు లేదు, మీకూ లేదు. ఆ అబ్బాయి రైల్వేలో లోకో పైలట్ పరీక్షకి చదువుతున్నాడని తర్వాత తెలిసింది. ఆ ఉద్యోగానికి రంగుల చూపు తప్పనిసరి. వర్ణాంధత్వం పరీక్షించే ఇషిహారా పలకల బొమ్మలు (రంగు చుక్కల మధ్య అంకె దాచినవి) నెట్‌లో దొరుకుతాయి, అవి మీ పేజీలో పెట్టి "మీకు వర్ణాంధత్వం ఉంది" అని ఫలితం చూపించే పని దయచేసి చేయకండి. అవి అచ్చుకాగితం మీద, తగిన వెలుతురులో చూడటానికి 1917లో తయారైనవి. రసాయన శాస్త్రవేత్త డాల్టన్ అంతటివాడే 1794లో తన వర్ణాంధత్వాన్ని వర్ణిస్తూ కంట్లో ద్రవం నీలంగా ఉండటమే కారణమనుకున్నాడు, చనిపోయాక తీసి చూడమన్నాడు. చూస్తే ద్రవం తేటగానే ఉంది. దాచిపెట్టిన ఆ కంటి ముక్క డీఎన్‌ఏని 1995లో పరీక్షించాకే ఆకుపచ్చ కోన్ లోపమని తేలింది. తన కంటి సంగతే తనకి అంతుపట్టలేదు. లింకు పంపి ఇతరుల కళ్ళ సంగతి మనమెలా చెప్తాం?

అనుమతుల సంగతి ఒక్క ముక్కలో: కాలేజీ ఎథిక్స్ కమిటీ సంతకం ముందు, లింకు తర్వాత. పేర్లు, ఫోన్ నంబర్లు అడగొద్దు, వయసు చాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్ళు పిల్లలే, వాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల అంగీకారం కావాలి. మీ తమ్ముడి ఇంటర్ బ్యాచ్‌ని ఇందులోకి లాగకండి.

మీ మొదటి ప్రశ్న మిగిలింది. ఒకే రంగు అందరికీ ఒకేలా కనిపిస్తుందా? "నా ఎరుపు మీ ఎరుపేనా" అన్న అర్థంలో అయితే ఫోన్ కాదు, నల్ల గుడ్డ గది కూడా తేల్చలేదు. ఇద్దరం చిన్నప్పట్నుంచీ మిరపపండుని చూపించి ఎరుపు అని నేర్చుకున్నవాళ్ళమే, లోపల ఏం కనిపిస్తోందో బయటపెట్టే జవాబు ఏదీ లేదు. మీరు కొలవగలిగేది ఏ రెండు రంగుల్ని విడదీయగలరు, ఎక్కడ పేరు మారుస్తారు అన్న రెండే. రిపోర్టు మొదటి పేజీలోనే అది రాసేస్తే వైవాలో సగం ప్రశ్నలు తప్పుతాయి.

పేజీ తయారయ్యాక ఎవరికీ పంపకుండా ముందు మీరే చేయండి, మర్నాడు అదే టైముకి మళ్ళీ చేయండి. రెండు రోజుల గీతలు అయిదారు డిగ్రీల కంటే ఎక్కువ దూరంలో ఉంటే ఎక్కడో తేడా ఉంది, ముందు నైట్ మోడ్ చూడండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరి చేత చేయించి, పక్కన నోట్‌బుక్ పట్టుకుని కూర్చోండి. వాళ్ళు ఏ ముక్క దగ్గర వేలు ఆపి "ఇది రెండూ కాదు కదే" అంటారో, అప్పుడు దానికి తమంతట తాము ఏ పేరు పెడతారో రాసుకోండి. ఆ పేర్ల జాబితా, మీ రెండు రోజుల అంకెలు ఇక్కడ పెడితే మెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్తాను.